ఆ ఫోన్ ఏ ప్రకటన వల్ల మోగింది? విశాఖ ట్రావెల్స్ వారికి అనలిటిక్స్, సెర్చ్, ఫీడ్ ప్రకటనల అమరిక

విశాఖలో అరకు ట్రిప్పులు, ఎయిర్‌పోర్టు కార్లు, టెంపో ట్రావెలర్లు నడిపేవాళ్ల బేరం వెబ్‌సైట్లో తెగదు. మనిషి పేజీ తెరుస్తాడు, కారు ఫొటో చూస్తాడు, రేటు చూస్తాడు, ఆ తర్వాత ఫోన్ చేస్తాడు. లేదంటే వాట్సాప్‌లో "ఆదివారం ఆరుగురం, బొర్రా గుహలతో కలిపి ఎంత?" అని అడుగుతాడు. అడ్వాన్సు యూపీఐలో పడుతుంది. ఇందులో, సైటుకొచ్చినవారిని లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌కి కనిపించేది పేజీ తెరవడం ఒక్కటే. మిగతాదంతా దాని కళ్లకు చీకటి. ఆ చీకట్లోనే ఫేస్‌బుక్ ఫీడ్ ప్రకటనలకు డబ్బు పోస్తే, ఏ ప్రకటన బండి నింపిందో ఏది ఊరికే లైకులు తెచ్చిందో ఎప్పటికీ తేలదు.

అందుకే రూపాయి ఖర్చు పెట్టే ముందు ఫోన్‌నీ వాట్సాప్‌నీ లెక్కలోకి తేవాలి. ఈ గైడ్‌లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం. గాజువాకలో ఏసీ రిపేరు చేసేవారికీ, సీతమ్మధారలో క్యాటరింగ్ నడిపేవారికీ ఇదే అమరిక పనికొస్తుంది. తేడా ఉన్న చోట చెబుతాం.

ముందు జీఏ4ని (గూగుల్ అనలిటిక్స్ 4) చక్కబెట్టండి

పాత యూనివర్సల్ అనలిటిక్స్ మామూలు ఖాతాలకు 2023 జూలై 1న ఆగిపోయింది. చాలా సైట్లలో ఆ పాత కోడ్ ఇంకా అలాగే పడి ఉంది. మీ సైటులోని ఐడీ "యూఏ" అక్షరాలతో మొదలైతే అది చచ్చిన కోడ్, తీసేయండి. జీఏ4 ఐడీ "జీ" అక్షరం, ఒక అడ్డగీతతో మొదలవుతుంది.

ఖాతా తెరవగానే అడ్మిన్‌లోకి వెళ్లి టైమ్‌జోన్ ఇండియాకు, కరెన్సీ రూపాయికి మార్చండి. టైమ్‌జోన్ అమెరికాది ఉంటే విశాఖలో ఉదయం వచ్చిన ఎంక్వయిరీలు ముందురోజు ఖాతాలో పడతాయి. శనివారం రద్దీ శుక్రవారంలో కనిపించడానికి ఇదే కారణం. తర్వాత డేటా రిటెన్షన్, అంటే డేటాను ఎన్నాళ్లు దాచి ఉంచాలన్నది. మామూలుగా అది 2 నెలల మీద ఉంటుంది, 14 నెలలకు మార్చాలి. సాధారణ రిపోర్టుల మీద దీని ప్రభావం ఉండదు, కానీ ఎక్స్‌ప్లోరేషన్స్‌లో లోతుగా తవ్వాలంటే ఇదే హద్దు. అరకు వ్యాపారం నవంబరు నుంచి జనవరి దాకా సాగే సీజన్ మీద బతుకుతుంది. నిరుటి డిసెంబరును ఈ డిసెంబరుతో పోల్చాలంటే 2 నెలల డేటా ఎందుకూ కొరగాదు. ఒకసారి చెరిగిన డేటా వెనక్కి రాదు కాబట్టి ఈ పని ఇవాళే చేయండి.

ఆఫీసు ఇంటర్నెట్ ఐపీని ఇంటర్నల్ ట్రాఫిక్‌గా నమోదు చేసి, డేటా ఫిల్టర్‌ను టెస్టింగ్ నుంచి యాక్టివ్‌కి మార్చండి. ఈ రెండో మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఐపీ ఇచ్చాం కదా అనుకుంటారు, ఫిల్టర్ మాత్రం నెలల తరబడి టెస్టింగ్‌లోనే ఉంటుంది. రోజుకు 40 మంది వచ్చే చిన్న సైటులో మీ సిబ్బంది ముగ్గురు పదేసి సార్లు పేజీ తెరిస్తే లెక్కంతా తారుమారే.

ఎంగేజ్‌మెంట్ రేటు 95 శాతం దాటి కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి. జీఏ4 దృష్టిలో ఒక సెషన్ (మనిషి ఒకసారి సైటుకొచ్చి వెళ్లడం) 10 సెకన్లు దాటినా, 2 పేజీలు చూసినా, మీరు ముఖ్యమని గుర్తించిన పని (కీ ఈవెంట్) జరిగినా అది ఎంగేజ్డ్ సెషన్. వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లో ఒకసారి, సైటులోని ట్రాకింగ్ కోడ్లను నడిపే గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో ఇంకోసారి అదే కోడ్ పెడితే ఒక్క పేజీ తెరిచినా రెండుసార్లు లెక్కవుతుంది. అలా ప్రతి సెషనూ ఎంగేజ్డ్ అయిపోతుంది. రెండింట్లో ఒకటి తీసేయాలి. ట్యాగ్ మేనేజర్‌లోది ఉంచడం మేలు, తర్వాతి పనంతా అక్కడే ఉంది.

ఫోన్, వాట్సాప్ క్లిక్కులు

జీఏ4లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అని ఒకటుంది. పేజీని 90 శాతం దాకా జరపడం, ఫైలు డౌన్‌లోడ్ చేయడం, మీ సైటు నుంచి వేరే డొమైన్‌కి వెళ్లడం లాంటివి దానంతటదే పట్టుకుంటుంది. వాట్సాప్ లింకు వేరే డొమైన్ కాబట్టి అది "క్లిక్" అనే ఈవెంట్‌గా పడుతుంది కానీ ఫేస్‌బుక్ పేజీకి, గూగుల్ మ్యాప్‌కి వెళ్లిన క్లిక్కులతో కలిసిపోతుంది. ఫోన్ నంబరు లింకుల్ని అది అసలు నమ్ముకోదగినట్టు లెక్కించదు. రెండింటికీ విడి ఈవెంట్లు కట్టుకోవాల్సిందే.

ట్యాగ్ మేనేజర్‌లో వేరియబుల్స్‌లోకి వెళ్లి క్లిక్ యూఆర్ఎల్‌ని ముందు ఆన్ చేయండి. ఇది ఆన్ కాకపోతే తర్వాతి మెట్టులో ఆ పేరే కనిపించదు. ఇప్పుడు కొత్త ట్రిగ్గర్ (ఏది జరిగితే లెక్కించాలన్న షరతు): రకం "జస్ట్ లింక్స్", "సమ్ లింక్ క్లిక్స్" ఎంచుకుని, క్లిక్ యూఆర్ఎల్ "టెల్" అనే మాట, కోలన్‌తో మొదలైతే అని షరతు పెట్టండి. తర్వాత కొత్త ట్యాగ్ (ఆ లెక్కను జీఏ4కి పంపేది): జీఏ4 ఈవెంట్, మీ ఐడీ, ఈవెంట్ పేరు. పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో, 40 అక్షరాల లోపు ఉండాలి. పెద్ద అక్షరంతో ఒకసారి, చిన్న అక్షరంతో ఒకసారి రాస్తే జీఏ4 వాటిని రెండు వేర్వేరు ఈవెంట్లుగా చూస్తుంది. వాట్సాప్‌కీ ఇలాగే ఇంకో ట్రిగ్గర్, ఇంకో ట్యాగ్. అక్కడ షరతు మాత్రం క్లిక్ యూఆర్ఎల్‌లో వాట్సాప్ చిన్న డొమైన్ (wa.me) ఉంటే అని.

ప్రివ్యూ నొక్కి, మీ ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో సైటు తెరిచి రెండు బటన్లూ నొక్కి చూడండి. ట్యాగ్ ఫైర్ అయిందని కనిపిస్తే సబ్మిట్ నొక్కి పబ్లిష్ చేయండి. ప్రివ్యూలో పని చేసింది, రిపోర్టులో ఏమీ రాలేదు అంటే పదిలో తొమ్మిదిసార్లు పబ్లిష్ చేయడం మరిచిపోయినట్టే. మిగిలిన ఒకసారి, బటన్ అసలు లింకే కాదు, థీమ్‌లో జావాస్క్రిప్ట్‌తో తెరుచుకునే పెట్టె. అప్పుడు "జస్ట్ లింక్స్" బదులు "ఆల్ ఎలిమెంట్స్" ట్రిగ్గర్ వాడాలి.

ఈవెంట్ రియల్‌టైమ్‌లో వెంటనే కనిపిస్తుంది. మామూలు రిపోర్టుల్లోకి రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు, తొందరపడి మళ్లీ ఇంకో ట్యాగ్ పెట్టేయకండి. ఈవెంట్ కనిపించాక దాన్ని కీ ఈవెంట్‌గా గుర్తించండి. 2024 మార్చి దాకా వీటినే కన్వర్షన్స్ అనేవారు. పాత యూట్యూబ్ పాఠాల్లో ఆ పేరే వినిపిస్తుంది, కంగారు పడొద్దు. లెక్కించే పద్ధతిని "సెషన్‌కి ఒకసారి" మీద పెట్టండి. ఒకే మనిషి లైను బిజీ అని నాలుగుసార్లు నొక్కితే అది నాలుగు ఎంక్వయిరీలు కాదు కదా.

వాట్సాప్ లింకులో ముందు 91, దాని వెంటే మీ పది అంకెల నంబరు ఉండాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు. సున్నా పెట్టిన లింకు "ఈ నంబరు వాట్సాప్‌లో లేదు" అని చూపిస్తుంది. కస్టమర్ పక్క షాపుకి పోతాడు, మీకు తెలియను కూడా తెలియదు.

ఈ లింకుకే ముందుగా రాసిన సందేశం తగిలించవచ్చు. ఇది చిన్న పనే గానీ మొత్తం అమరికలో దీని విలువే ఎక్కువ. అరకు పేజీలోని బటన్ నొక్కితే "అరకు ఒకరోజు ట్రిప్ వివరాలు కావాలి, కోడ్ ఏ1" అని టైపై రావాలి. లంబసింగి పేజీలో కోడ్ ఎల్1. ఫేస్‌బుక్ ప్రకటన కోసం చేసిన పేజీలో కోడ్ ఎఫ్1, రెండో ప్రకటనకు ఎఫ్2. కొందరు ఆ మాట చెరిపేసి తమ మాట రాస్తారు. అయినా ఎక్కువమంది అలాగే పంపుతారు. ఎవరు ఏ పేజీ నుంచి వచ్చారో ఆ కోడే చెబుతుంది. కుకీ అక్కర్లేదు, పిక్సెల్ (సైటులో పెట్టే ఫేస్‌బుక్ ట్రాకింగ్ కోడ్) అక్కర్లేదు, ఐఫోన్ అడ్డుపడదు.

కాగితం మీద లెక్క

బటన్ నొక్కడం వేరు, కాల్ కలవడం వేరు. ఫోన్‌లో నంబరు మీద నొక్కితే డయలర్ తెరుచుకుంటుంది, కొందరు అక్కడే వెనక్కి వెళతారు. కాబట్టి జీఏ4లో 60 ఫోన్ క్లిక్కులుంటే మీ కాల్ లాగ్‌లో 60 ఉండవు. ఇంకోవైపు, మ్యాప్‌లోనూ సెర్చ్‌లోనూ మీ షాపు వివరాలు చూపే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోని కాల్ బటన్ నొక్కినవాళ్లు మీ సైటుకే రారు, వాళ్లు జీఏ4లో ఉండరు, ప్రొఫైల్ పెర్‌ఫార్మెన్స్‌లో ఉంటారు.

అందుకని కౌంటర్లో కూర్చునేవారికి ఒక గూగుల్ షీట్ ఇవ్వండి. ఆరు గడులు చాలు: తేదీ, ఫోనా వాట్సాపా, కోడ్ లేదా "ఎక్కడ చూశారు", ఏ ఊరినుంచి, బుక్ అయిందా, ఎంతకు. అంతకుమించి గడులు పెడితే మూడో రోజు నుంచి ఎవరూ నింపరు. "మా నంబరు ఎక్కడ దొరికింది సార్?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు "గూగుల్లో" అనే. అది ప్రకటనా కాదా అన్నది వాట్సాప్‌లో అయితే కోడ్ చెబుతుంది.

యూటీఎం: ఒకే పద్ధతి, ఎప్పుడూ

ఫీడ్ ప్రకటనలో పెట్టే ప్రతి లింకు చివరా యూటీఎం గుర్తులు తగిలించాలి: సోర్స్ (ఎక్కడినుంచి), మీడియం (ఏ రకం దారి), క్యాంపెయిన్ (ఏ ప్రచారం). మీడియం దగ్గర జాగ్రత్త. జీఏ4 ఒక సందర్శనను పెయిడ్ సోషల్‌లో వేయాలంటే మీడియం "పెయిడ్" అనే మాటతో మొదలైనా, అందులో "సీపీ" అక్షరాలు ఉన్నా చాలు. సోర్స్ ఫేస్‌బుక్ అని పెట్టి మీడియం "యాడ్స్" అని రాస్తే మీరు డబ్బు పెట్టి తెచ్చిన జనం ఉచిత సోషల్ ఖాతాలో కలిసిపోతారు. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే రాయండి. సైటు లోపల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులకు మాత్రం యూటీఎం ఎప్పుడూ పెట్టకండి, మనిషి మొదట ఎక్కడినుంచి వచ్చాడన్న సమాచారం గజిబిజి అవుతుంది.

బిజినెస్ ప్రొఫైల్‌లోని వెబ్‌సైట్ లింకుకూ యూటీఎం పెట్టండి: సోర్స్ గూగుల్, మీడియం ఆర్గానిక్, క్యాంపెయిన్ ప్రొఫైల్. లేకపోతే మ్యాప్ నుంచి వచ్చినవారూ మామూలు సెర్చ్ నుంచి వచ్చినవారూ ఒకే గంపలో పడతారు.

సెర్చ్: ఒక ఊరు, ఎన్నో పేర్లు

గూగుల్ సెర్చ్‌లో మీ సైటు ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీ తెరవండి, మీ డొమైన్ అమరికల్లోని డీఎన్ఎస్‌లో టీఎక్స్‌టీ రికార్డు పెట్టి ధ్రువీకరించండి. 16 నెలల డేటా ఇస్తుంది. పెర్‌ఫార్మెన్స్ రిపోర్టులో క్వెరీ (జనం వెతికిన మాట) ఫిల్టర్‌ని చాలా మాటలు ఒకేసారి వెతికే కస్టమ్ రెజెక్స్‌కి మార్చి, నిలువు గీతతో విడదీస్తూ వైజాగ్, విశాఖ, విశాఖపట్నం అన్న పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనూ తెలుగు అక్షరాల్లోనూ రాయండి. ఇంగ్లిష్‌లో విశాఖపట్నాన్ని మధ్యలో ఒక "హెచ్" ఎక్కువగా, చివర "ఏఎం" బదులు "యూఎం"గా రాసేవాళ్లున్నారు, అవీ చేర్చండి. హైదరాబాద్, కోల్‌కతా నుంచి వెతికేవారు "వైజాగ్ టు అరకు" అంటారు. ఊళ్లోవాళ్లు "నా దగ్గర్లో కార్ రెంటల్" అంటారు, ఊరి పేరే ఉండదు. ఈ రెండు గుంపులకూ కావలసిన పేజీలు వేరు.

ఊళ్లోవారికి కావలసింది బిజినెస్ ప్రొఫైల్. గూగుల్ స్థానిక ఫలితాలను మూడింటిని బట్టి పేరుస్తుంది: అడిగినదానికి సరిపోలిక, దూరం, ఎంత పేరున్నదీ. దూరాన్ని మీరు మార్చలేరు. ద్వారకానగర్‌లో ఆఫీసు ఉన్నవారు మధురవాడలో వెతికేవాడికి పైన కనిపించాలని పేరు చివర "మధురవాడ బెస్ట్ ట్రావెల్స్" అని అతికిస్తుంటారు. బోర్డు మీద లేని మాట పేరులో పెట్టడం నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ అయితే రివ్యూలతో సహా కనుమరుగవుతుంది. ఒక ప్రధాన కేటగిరీ, దానిపైన 9 దాకా అదనపు కేటగిరీలు ఎంచుకోవచ్చు. ప్రధానమైనది మీకు ఎక్కువ డబ్బు తెచ్చే పని అయి ఉండాలి. ట్రిప్ ముగిసి బండి దిగేటప్పుడే డ్రైవరు రివ్యూ లింకు వాట్సాప్ చేయాలి. రివ్యూకి బదులు డిస్కౌంటు ఇస్తామనడం మాత్రం గూగుల్ ఒప్పుకోదు.

బయటి ఊళ్లవారికి పేజీలు కావాలి. ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు, ఒకే పేజీని గాజువాక, ఎంవీపీ కాలనీ, పెందుర్తి, భీమిలి అని పేర్లు మార్చి ఇరవై చేయడం. అలాంటి పేజీలను గూగుల్ స్పామ్‌గా చూస్తుంది. ఏఐతో గుట్టలుగా రాయించి నింపడాన్ని కూడా 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లోకి తెచ్చింది. ఇరవై పేజీల బదులు ఒక్క అరకు పేజీని నిజంగా ఉపయోగపడేలా రాయండి. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి ఎన్ని గంటలు పడుతుంది, వాంతులయ్యే పిల్లలున్నవారు ఎక్కడ ఆగాలి, బొర్రా గుహల టిక్కెట్టు ప్యాకేజీలో కలిసిందా లేదా, డ్రైవర్ బత్తా, పార్కింగ్ ఎవరివి, పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం కారులో తిరిగి రావాలంటే కుదురుతుందా. కౌంటర్లో రోజూ అడిగే ప్రశ్నలే ఇవి. మీ వాట్సాప్‌లోనే ఉన్నాయి, తీసి రాయండి.

ఫలితాల పైన గూగుల్ ఏఐ ఇచ్చే జవాబులు, అంటే ఏఐ ఓవర్‌వ్యూస్, 2024 ఆగస్టులో మన దేశానికి వచ్చాయి. "అరకు ఎంత దూరం" లాంటి ప్రశ్నకు జవాబు గూగుల్ పేజీలోనే దొరుకుతుంది, మీ పేజీకి క్లిక్ రాదు. సెర్చ్ కన్సోల్ ఆ జవాబులో మీ పేజీ కనిపించడాన్ని విడిగా చూపదు, మామూలు వెబ్ లెక్కలోనే కలుపుతుంది. కాబట్టి ఇంప్రెషన్లు (పేజీ ఫలితాల్లో కనిపించిన సార్లు) నిలకడగా ఉండి క్లిక్కులు తగ్గితే పేజీ పాడైందనుకోకండి. ముందు ఏ క్వెరీల్లో తగ్గిందో చూడండి. సమాచార ప్రశ్నల్లో తగ్గితే చేయగలిగింది తక్కువ. "రేటు", "ట్యాక్సీ", "బుకింగ్" ఉన్న క్వెరీల్లో తగ్గితే మాత్రం వెంటనే పట్టించుకోవాలి.

వేగం గురించి రెండే మాటలు. అతిపెద్ద బొమ్మ 2.5 సెకన్లలో కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలి. ఈ రెండో కొలత ఐఎన్‌పీ, 2024 మార్చిలో పాత ఎఫ్ఐడీ స్థానంలో వచ్చింది. ట్రావెల్స్ సైట్లు నెమ్మదించేది దాదాపు ఎప్పుడూ ఫొటోలతోనే. ఫోన్‌లో తీసిన 5 ఎంబీ కారు ఫొటోని 1,200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి వెబ్‌పీలో సేవ్ చేస్తే 150 కేబీ దరిదాపుల్లోకి వస్తుంది. పైన కనిపించే మొదటి బొమ్మకు లేజీ లోడ్ (కిందికి జరిపాకే బొమ్మ లోడయ్యే అమరిక) పెట్టకండి, ఆలస్యమయ్యేది అదే అవుతుంది.

ఇప్పుడు ఫీడ్ ప్రకటన

మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) ప్రకటన పెట్టేటప్పుడు మొదటి ప్రశ్న, మ్యాప్ మీద వృత్తం ఎక్కడ గీయాలి? ఏసీ రిపేరు షాపు అయితే ఊరి చుట్టూ గీస్తుంది. జగదాంబ సెంటర్ దగ్గర పిన్ను పెట్టి 25 కిలోమీటర్లు అంటే అందులో సగానికి దగ్గరగా బంగాళాఖాతమే. సముద్రంలో ఎవరూ లేరు కాబట్టి నష్టం లేదు గానీ అనకాపల్లి వైపు మీ సర్వీసు లేని చోట్లు వృత్తంలోకి వచ్చేస్తాయి. పిన్నుని ఎన్ఏడీ జంక్షన్ వైపు జరిపి వృత్తం చిన్నది చేయడం మేలు. ట్రావెల్స్‌కి ఇది పూర్తిగా తిరగబడుతుంది. అరకు బుక్ చేసేవాడు ప్రకటన చూసే రోజున హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కోల్‌కతాలోనో ఉంటాడు. విశాఖ మీద వృత్తం గీస్తే, అరకు పదిసార్లు చూసినవారికి అరకు చూపిస్తున్నట్టు. హైదరాబాద్‌కి తెలుగు ప్రకటన, కోల్‌కతాకి బెంగాలీ ప్రకటన విడిగా ఉండాలి.

వయసు, ఆసక్తులు ఎంతో శ్రమపడి ఎంచుకున్నా, ఎవరికి చూపాలో మెటాయే తేల్చే అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్‌లో అవి సూచనలే, మెటా దాటి వెళుతుంది. ప్రాంతం మాత్రం గట్టి హద్దు. కాబట్టి శ్రమ ప్రాంతం మీదా బొమ్మ మీదా పెట్టండి. ఫీడ్‌కి 1080 × 1350, రీల్స్‌కి 1080 × 1920. రీల్స్‌లో పైన 14 శాతం, కింద 35 శాతం చోటులో అక్షరాలు పెట్టవద్దు, అక్కడ పేరూ బటన్లూ పడతాయి. రేటు కింద రాసి, అది ఎవరికీ కనబడక, "ఎంత?" అన్న మెసేజీలే వంద రావడం చాలాచోట్ల జరుగుతున్నదే.

ప్రకటన నేరుగా వాట్సాప్‌కి తెరవాలా, పేజీకి పంపాలా? రోజుకు వెయ్యి లోపు బడ్జెట్ అయితే నేరుగా వాట్సాప్‌కే. పేజీకి పంపితే ఫేస్‌బుక్ లోపలి బ్రౌజర్ లోడయ్యేలోపు కొందరు వెనక్కి పోతారు. మెటా చూపే లింక్ క్లిక్కులకూ జీఏ4 సెషన్లకూ తేడా రావడానికి పెద్ద కారణం ఇదే. పేజీకే పంపాలనుకుంటే లింక్ క్లిక్స్ బదులు ల్యాండింగ్ పేజ్ వ్యూస్ ఎంచుకోండి, ఆడియన్స్ నెట్‌వర్క్ (బయటి యాప్‌లలో ప్రకటన చూపడం) తీసేయండి. వాట్సాప్‌కి పంపితే సైటూ పిక్సెలూ ఏమీ చూడవు. అక్కడ లెక్క చెప్పేవి పైన చెప్పిన కోడూ, వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని లేబుళ్లూ మాత్రమే.

యాడ్ సెట్ (ఒకే ప్రాంతం, బడ్జెట్ ఉన్న ప్రకటనల గుంపు) ఎవరికి చూపితే ఫలితం వస్తుందో మెటా నేర్చుకునే దశ దాటడానికి వారానికి సుమారు 50 ఫలితాలు కావాలి. ఒక చాట్‌కి 60 రూపాయలు పడుతుందనుకుంటే వారానికి 3,000, రోజుకు దాదాపు 430. రోజుకు 500 బడ్జెట్‌ని నాలుగు యాడ్ సెట్లుగా ముక్కలు చేస్తే ఏదీ ఆ దశ దాటదు. ప్రాంతానికి ఒకటి చాలు. నడుస్తున్న ప్రకటనలో బడ్జెట్‌ని ఒకేసారి రెట్టింపు చేసినా, బొమ్మ మార్చినా నేర్చుకోవడం మళ్లీ మొదటికి వస్తుంది. 18 శాతం జీఎస్టీ అదనం, 500 అంటే 590. అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుందా అన్నది మీరు ఏ పద్ధతిలో పన్ను కడుతున్నారన్నదాన్ని బట్టి ఆడిటర్ చెప్పాలి.

లెక్క ఎలా చూడాలో ఊహించిన అంకెలతో: 7,000 ఖర్చు, 84 చాట్లు, 9 బుకింగులు. చాట్‌కి 83 రూపాయలని యాడ్స్ మేనేజర్ చూపిస్తుంది. మీకు కావలసిన అంకె అది కాదు. జీఎస్టీతో 8,260ని 9తో భాగిస్తే బుకింగ్‌కి 918. ఒక ట్రిప్పులో డీజిల్, బత్తా, టోల్ పోను మిగిలేది దీనికన్నా బాగా ఎక్కువుంటేనే ఆ ప్రకటన నడవాలి. చాట్ 40 రూపాయలకే తెచ్చి ఒక్క బుకింగూ ఇవ్వని ప్రకటనలు ఉంటాయి. రేటు దాచిన ప్రకటనలు తరచూ అలాంటివే.

పేజీకి పంపే ప్రకటనల్లో మెటా తన ఖాతాలో వేసుకునే బుకింగులు మీ షీటు కంటే ఎక్కువుంటే ఆశ్చర్యపోవద్దు. అది మామూలుగా క్లిక్ చేసిన 7 రోజుల్లోనూ, చూసి క్లిక్ చేయకపోయినా ఒక రోజులోనూ జరిగినదాన్ని తనదిగా లెక్కేస్తుంది. మరోవైపు 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చాక ఐఫోన్లలో ట్రాకింగ్‌కి ఒప్పుకోనివారి సంగతి దానికి సరిగా అందదు. నిజం తేల్చుకోవడానికి చవకైన దారి ఒకటుంది: రెండు వారాలు హైదరాబాద్ ప్రకటన నడిపి కోల్‌కతాది ఆపండి, తర్వాతి రెండు వారాలు తిప్పండి. షీటులో "ఏ ఊరినుంచి" గడి ఇందుకే పెట్టింది. ప్రకటన ఆపినా ఆ ఊరి ఫోన్లు తగ్గకపోతే, ఆ కస్టమర్లు ఎలాగూ వచ్చేవారే. సంక్రాంతి వారాన్ని మాత్రం ఈ పరీక్షలోకి లాగకండి, అప్పుడు ఏ ఊరి లెక్కా మామూలుగా ఉండదు.

పాత కస్టమర్ల నంబర్లను కస్టమ్ ఆడియన్స్‌గా ఎక్కించే ముందు, వాళ్లు ఆ నంబరు ప్రకటనల కోసం ఇచ్చారా అని చూసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతికే పెద్దపీట వేసింది. బుకింగ్ మెసేజీలోనే "ఆఫర్లు పంపవచ్చా?" అని అడిగి, అవునన్నవారికి లేబుల్ పెట్టుకుంటే సరిపోతుంది.

చివరిగా, బళ్లన్నీ నిండిన రోజుల్లో ప్రకటన ఆపేయండి. డిసెంబరు ఆఖరి వారానికి ఇది దాదాపు ప్రతి ఏడూ వస్తుంది. "బండి లేదు సార్" అని చెప్పడానికి చాట్‌కి 60 రూపాయలు కట్టడం ఒక నష్టమైతే, జవాబు ఆలస్యమై కోపంతో ఎవరో పెట్టే ఒంటి నక్షత్రపు రివ్యూ ఇంకో నష్టం. యాడ్ సెట్‌ని ఆఫ్ చేసి, ఖాళీ తేదీలు తెరుచుకున్నాక మళ్లీ ఆన్ చేయండి. ఎక్కువ రోజులు ఆగితే నేర్చుకునే దశ మళ్లీ మొదలవ్వచ్చు, అయినా అదే చవక.